గొలుసు లెక్క

దాలయ్య మనవరాలు లెక్కల పుస్తకం పట్టుకొచ్చినాది.
"ఆక్లాండ్ నుండి దోహాకి
పద్నాలుగు వేల ఐదొందల కిలోమీటర్లు.
ఇమానం గంటకి తొమ్మిదొందలు ఎల్తే
ఎంతసేపటికి దిగుతాది తాతా?"

నాను ఇమానం ఎక్కినోణ్ణి కాను.
భోగాపురం ఫిర్కాలో ముప్పయ్యొక్కేళ్ళు
సర్వే గొలుసు పట్టినోణ్ణి.
అరవై ఆరడుగులు, నూరు లింకులు,
పది లింకులకో ఇత్తడి బిళ్ళ.
సీకట్లో తడిమినా ఎన్నో లింకో సెప్పగల్ను.

కిలోమీటర్లు నాకు ఒంటబట్టవు,
గొలుసుల్లోకి దించమన్నాను.
ఫోన్లో టకటకా కొట్టి సెప్పినాది:
ఏడు లచ్చల ఇరవై వేల ఏడొందల తొంబై.
పైన యాభై ఎనిమిది లింకులు.

రోజుకి రెండొందల గొలుసులు మా ఇద్దరి పని,
జీడితోటలైతే నూరు లాగడవే గగనం.
ఆదివారాలూ, సిరిమాను రోజూ తీసేస్తే
పన్నెండేళ్ళు.
"సముద్రం మీద పుల్ల ఎక్కడ పాతుతావు?"
గుంట పకపకా నవ్వినాది.

ఏసంగిలో గొలుసు సాగుతాది.
సాగిన గొలుసుతో కొలిస్తే పొలం తగ్గుతాది.
రైతుకి తెల్దు, కాయితానికి తెల్దు.
దాలయ్యకి తెలుసు. అందుకే
మిట్టమద్దేనం గొలుసుని తాటిడొక్కల నీడలో ఒగ్గీసి
సుట్ట ముట్టించీవోడు.
దగ్గిరగా కూకుంటే మాకు మాటల్లేవు.
అరవై ఆరడుగులు ఎడం పడితేనే
ఆడి గొంతు ఇనిపించీది:
"లాగూ..."

రబ్బరు బంతి మీద దారం పెట్టి సూపించినాది.
దారి వంకరగా ఉందేటే అన్నాను.
"దారి తిన్నదే. నేలే గుండ్రం."
నిజవే.
మెట్ట దిగినప్పుడు మావు గొలుసుని నేల మీద పరవం.
ఓ సివర నేలకి ఆనించి
రెండోది గుండెల దాకా ఎత్తి
గాల్లో మట్టంగా పట్టుకుంటాం, మెట్టు మెట్టుకీ.
అంటే ముప్పయ్యొక్కేళ్ళూ
మావు కొలిసింది సగం ఆకాశవే.
జీతం మాత్రం నేలకే ఇచ్చినారు.

ఆ జీడిమెట్ట ఇప్పుడు రన్‌వే.
ఇమానం లెగిస్తే
మావు పుల్లలు పాతిన కన్నాల మీంచే లెగాల.

గుంట జవాబు రాసీసినాది:
పదహారు గంటల ఆరు నిమిషాల నలబై సెకన్లు.
ఆ నలబై సెకన్లూ నాకు తెలుసు.
దాలయ్య కేకేసి, నాను లాగి,
పుల్ల పాతి, నడుం ఎత్తీ యేళకి
సరిగ్గా అంతే.
మిగతాది నాకు ఊహకందదు.

పుస్తకం మూసుకుని ఎల్లిపోనాది.
ఈది బోరింగు కాడికెల్లి
ఎనక్కి తిరిగి అరిసినాది:
"తాతా, రైటేనా?"

బోరింగు దాకా గొలుసూ ఏడు లింకులు.
నా చెయ్యి దానంతటదే గుండెల దాకా లెగిసినాది.
"లాగూ..." అన్నాను.