గుణుపూర్, ఆడవాళ్ళ వార్డు

కరెంటు పోయాక తెలిసింది
ఫ్యాను ఇంతసేపూ ఎంత వాగిందో.

తొమ్మిదో మంచం మీద జమంతి సబర.
ఆమె మాట సవర. నాది తెలుగు.
మధ్యలో ఒడియా చీటీ,
మాత్రల వేళలు రాసి.

"నొప్పేటమ్మా?" అన్నాను, చేత్తోనే.
సాగిన చెవితమ్మె ఊగింది. అవునో, కాదో.

స్టూలు లాక్కుని కూర్చున్నాను.
వంశధార మీంచి తడిగాలి.
సెలైన్ చుక్క. మళ్ళీ చుక్క.

మా ఆయన పోయినప్పటి నుంచీ
దేవుడికి నేను చెప్పిందల్లా ఫిర్యాదే;
వినడానికి ఆగింది లేదు.

ఆమె నా వేళ్ళు తీసుకుని
తన డొక్క మీద పెట్టుకుంది,
పొయ్యి మీంచి గంజికుండ దించినంత జాగ్రత్తగా.
ఊపిరి లేచింది, దిగింది.
నాదీ.

తెల్లారుజామున కరెంటొచ్చింది.
లేచి ఫ్యాను ఆపేశాను.