లోపం కనిపించలేదు

నఖీల్ బజారులో, జిరాక్సు వేడి వాసన కొట్టే టైపింగ్ సెంటర్లో
నేను అరబ్బీ టైపు చేస్తాను.
వీసాలు, బాడుగ ఒప్పందాలు, పుట్టిన పిల్లల పేర్లు.
ఎవరి కష్టమైనా నా వేళ్ళ కింద
కుడి నుంచి ఎడమకే నడుస్తుంది.

గురువారం మధ్యాహ్నం లింబాద్రి వచ్చాడు.
బండి కొని తొమ్మిది నెలలు,
సీట్ల మీది ప్లాస్టిక్కు ఇంకా తీయలేదట.
తెల్ల వ్యాను. క్వారీకి కూలీలను తోలుతాడు.
పొద్దున పద్నాలుగు మంది, మాపటికి పద్నాలుగు మంది.
"ఇప్పటిదాక లెక్క తప్పలేదు మేడం"
అనేసి నాలుక కరుచుకున్నాడు.

"బ్రేకు తొక్కితే దిగుతది.
ఎట్లంటే, నాటుమడిల కాలు దిగినట్టు.
కింద గట్టిది ఏదో తాకుతదని చూస్తం గద,
తాకది."

దిగబడటం.
ఇసుకలో దిగబడటానికి ఇక్కడ మాట ఉంది,
బురదలో దిగబడటానికి నాకు దొరకలేదు.
'బ్రేకు వ్యవస్థలో పదేపదే లోపం' అని కొట్టాను.
తెర మీద అది చాలా మర్యాదగా కనిపించింది.

సంచిలోంచి స్లిప్పులు తీశాడు,
పురికొసతో కట్టినవి, ఏడు.
ఏడింటి మీదా ముద్ర ఒకే వంకర.
పరీక్షించాము, లోపం కనిపించలేదు.
పరీక్షించాము, లోపం కనిపించలేదు.
మూడోసారి ఆయిలు మార్చారు.
ఐదోదాని మీద చాయ్ మరక.
ఏడోది చదవడానికి నాకు నోరు రాలేదు.
"చదువుండ్రి మేడం."
'డ్రైవరుకు కొత్త బండి అలవాటు కాలేదు.'

పద్దెనిమిదేళ్ళు ఆ కొండదారి ఎక్కి దిగిన మనిషి
తన కుడికాలి వైపు చూసుకున్నాడు,
బడి పంతులు కొడుకు మీద చెప్పిన నేరం విన్నట్టు.

ఫారంలో మూడు గళ్ళున్నాయి.
బాగు చేయాలి. మార్చి ఇవ్వాలి. డబ్బు వాపసు.
ఒక్కదానికే టిక్కు.
"బాగు చేసుడు అయిపాయె.
మార్చిస్తే గసొంటిదే ఇస్తరు.
పైసలిస్తే అవి బ్యాంకుకు వోతయి,
నా మనుషులు ఇంకో బండెక్కుతరు."
కాసేపు ఫ్యాను చప్పుడు.
"అమెరికల గిసొంటి బండిని నిమ్మకాయ అంటరట.
దానికో చట్టం గూడ ఉన్నదట."
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కొన్న రోజు, షోరూం వెనక,
పసుపు కుంకుమ పెట్టి
నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడట.
మూడు చిట్లాయి.
ముందు కుడిపక్కది మాత్రం జారి, దొర్లి,
కాలువ జాలీలోకి పోయింది.
కాపలా పఠాను తిడుతుంటే
వంగి వెతకలేదు.
"గది గూడ రాయుండ్రి."
రాయలేదు.
రాసినట్టు వినబడేలా కొన్ని ఖాళీలు కొట్టి, చెరిపేశాను.

తర్వాతి గడి: యజమాని పేరు.
ముల్కియా తిప్పి చూపించాడు. కఫీల్ పేరు.
కిస్తీ ఈయనది, కాగితం ఆయనది,
కాలు ఈయనది.
సంతకం పెట్టాల్సిన పెద్దాయన
ఎండలకు తట్టుకోలేక ఏదో చల్లటి దేశం పోయాడు.
వచ్చే నెల వస్తాడట.
"అందాక?"
అందాక ఫారం దాచాను. దానికో నంబరొచ్చింది.
అరచేతి మీద రాసుకున్నాడు,
చెమటకు పోతుందని మణికట్టు మీద మళ్ళీ.
పదిహేను దిర్హాములు వద్దంటే వినలేదు.
"తీసుకోండ్రి. ఉట్టిగ చేసిన పని అయితదా?"

రాత్రి షట్టరు దించి రోడ్డు దగ్గర నిలబడతాను.
ఎర్రదీపం పడుతుంది.
తెల్ల వ్యానులు వస్తాయి, ఒకదాని వెనక ఒకటి,
క్వారీ దుమ్ముతో,
అద్దాలకు ఆనుకుని నిద్రపోతున్న తలలతో.
ఏది ఆయనదో తెలియదు.
నాకు పచ్చబొమ్మ వెలిగినా
అన్నీ ఆగేదాకా చూస్తాను,
ఆగాక కూడా ఇంకొక్క క్షణం.
నా కుడికాలు
ఉన్నచోటే నేలను ఒకసారి తొక్కి చూసుకుంటుంది.
వెనక ఎవరో విసుగ్గా, యల్లా, యల్లా.