ట్యాంకర్ల లెక్క

మా ఇందుజ రెండు కాలేజీల కాయితాలు తెచ్చి
బండి బానెట్ మీద పరిచింది.
ఇంజన్ ఇంకా వేడిగనే ఉంది.
ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్.
పలకనీకి నాకు రెండు దమ్ములు పట్టింది.

లక్షలు నాకు సమజ్ కావు.
ట్రిప్పులైతే అయితయి.
నీళ్ల పైసలు, డీజిల్, క్లీనర్ పోరని చాయ్
అన్నీ పోను, ట్రిప్పుకు రెండొందల యాభై నా చేతిల పడ్తది.
ప్రైవేటుది ఏడాదికి లక్షా నలభై వేలు:
అయిదొందల అరవై ట్రిప్పులు.
సర్కారుది యాభై వేలు:
రెండొందలు.
రశీదు బుక్కు వెనక రాసి చూపించిన.
"బస్సు పాసు కలపలే" అన్నది.
కలిపిన.
"రీయింబర్స్‌మెంట్ వస్తది గద" అన్నది.
వచ్చిన్నాడు తీసేద్దామన్న.

ప్రైవేటు కాయితం మీద పచ్చటి లాను,
నడుమ ఫౌంటెను,
తెల్ల కోట్ల పిల్లలు గాజు గొట్టాలు చూసుకుంట నవ్వుతున్నరు.
ఆ లాను నాకెరుకే.
ఎండాకాలం రోజుకు నాలుగు ట్యాంకర్లు తాగుతది.
ముందు గేటు నేనెన్నడు చూడలే.
వెనక గేటు వాచ్‌మన్ ఐలయ్య.
ఆయన కుర్చీ పక్క నుంచే ఒక పైపు పోయి
నాలాల పడ్తది.
తెల్లారంగ చూస్తే మోకాలెత్తు నురగ.
కాయితంల ఆ పైపు ఫొటో లేదు.

సర్కారు కాలేజీకి కూడ పోయినం.
ల్యాబుకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు.
కిటికీలకెల్లి తొంగి చూస్తే
గుడ్డ కప్పిన మిషన్లు, ఒక పావురం.
వరండా గోడ నిండ బోర్ల లోతులు,
బస్తీ పేర్లతోటి, చేత్తో రాసినవి.
కింది వరసల అరవై ఫీట్లు, నూటిరవై.
పైకి పోయిన కొద్దీ అంకెలు దిగుడే.
ముసలి సారొకాయన మా పిల్లను ఆపి
"మీ గల్లీల ఎంత?" అన్నడు.
"పదమూడొందలు. ఎండింది."
ఆయన స్టూలెక్కి
చాక్‌పీసుతోటి ఆ అంకె రాసిండు.
పిల్ల చానసేపు అక్కడ్నే నిలబడ్డది.

అంబర్‌పేట దిక్కు మురికినీళ్ల ప్లాంటుల
రఫత్ మేడం ఉంటది. ఆమెనడిగినం.
"నాది సస్తా కాలేజీ, పక్క సీటాయనది మహెంగ.
జీతం ఇద్దరికీ ఇరవై రెండు వేలే.
ఇద్దరం ఒకటే మూసీని సీసాలల్ల పడ్తం,
ఇద్దరికీ ఒకటే వాసన" అని నవ్వింది.
మళ్ల నవ్వాపి,
"కానీ భాయ్, ఆ సీసా చూసెటోళ్లు కూడ లేకుంటే ఎట్ల?"

రాత్రి అన్నంల చెయ్యి పెట్టి ఇందుజ అడిగింది:
"నాయినా, నేను మంచిగ చదివితే
బోర్లు నిండుతయి, నల్లా రోజూ వస్తది అనుకో.
అప్పుడు నీ బండి?"
వాళ్లమ్మ మజ్జిగ పోసుడు ఆపింది.
ఆ లెక్క మాత్రం
నేను రశీదు వెనక వెయ్యలే.

పొద్దుగాల నాలుగింటికి ఫిల్లింగు పాయింటు.
నా ముందల పదకొండు బండ్లు.
రెండొందలల్ల ఇది మొదటి ట్రిప్పు.
వెనక వాల్వు నుంచి చుక్క చుక్క కారుతుంది.
ఎన్నేండ్ల సంది కారుతుందో.
ఇయ్యాల పానా తీస్కొని దిగిన.