తొలి పూత నీళ్లది

ఎమ్రిస్, ఆ డబ్బా మూత ఇప్పుడే తియ్యకు.
తలంటుకుని కూర్చున్న గోడ ఇది.
ఆరని జుట్టుకు జడ వేస్తే ఏమవుతుందో
నీకు కాదు, ఒల్వెన్‌కి తెలుసు.

నవంబరులో కాన్వీ నది మీ వీధిలోకి వచ్చి
మూడు రాత్రులు ఈ గదిలో పడుకుని వెళ్లింది.
పోతూ పోతూ నడుమెత్తున గీత గీసి మరీ పోయింది.
గుల్లబారిన పాత సున్నమంతా
రాయి బయటపడేదాకా కొట్టేసి
ఫిబ్రవరి చివర గెథిన్ కొత్త ప్లాస్టరు పూశాడు.
ఎంత నున్నగా అంటే
తాపీ ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి.
నునుపు తేలడం వేరు, రంగుకి ఒప్పుకోవడం వేరు.

చూడు, కిటికీ పక్కన లేత గులాబీ,
చంటిపిల్ల అరికాలి రంగు.
పొయ్యిగూడు వెనక మాత్రం ఇంకా పచ్చి మాంసం.
ఆ మూల ఈ మూల ఒకటయ్యేదాకా
నేను చేసే పని కిటికీ తెరవడం.
కిటికీ తెరవడానికి కూలి తీసుకుంటానని
లాన్‌రూస్ట్ అంతా చెప్పుకో, పర్లేదు.
హీటరు మాత్రం పెట్టకు. తొందరపెడితే నెర్రెలిస్తుంది.
రాత్రి ఆ మూలకి ప్లాస్టిక్ ముక్క అంటించి వెళ్లానా,
పొద్దున లోపలివైపంతా చెమట.

పందొమ్మిదేళ్లప్పుడు
చాపెల్ వెనక టీ గదికి,
పెళ్లి ముంచుకొస్తోందని,
పచ్చి గోడ మీదే చిక్కటి రంగు వేశాను.
పెళ్లినాడు మెరిసిపోయింది.
ఫొటోల్లో ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.
మే నెల కల్లా పాల మీద మీగడలా
గోరు తగిలితే చాలు, పొరలు పొరలుగా ఊడొచ్చింది.
పిల్లలు దాంతో ఆడుకున్నారు.
ఎవరూ నన్నేమీ అనలేదు.
ఆ అనకపోవడం ఇరవై ఆరేళ్లుగా వినిపిస్తోంది.

ఎండాక కూడా కళ్లను నమ్మను,
అరచేత్తో చూస్తాను.
బుడిపె తగిలిన చోట రేకుతో గీకుతాను.
ఉప్పుకాగితం ఉంది గానీ ఊరికే తియ్యను,
ఎక్కువ రుద్దితే గోడ అద్దమవుతుంది,
అద్దం దేన్నీ పట్టుకోదు.
(ఈ మాట గెథిన్ దగ్గర అనకు, అలుగుతాడు.)
స్విచ్చి చుట్టూ కాస్త లప్పం. తడిగుడ్డతో ధూళి.
ఆ తర్వాత తొలి పూత.
అది రంగు కాదు, రంగు వాసన తగిలిన నీళ్లు.
పాలవాళ్లకు తెలిసిన విద్యే.
ముందు గోడ దాహం తీరాలి.
బ్రష్షు వెనకే గుటకలేసి తాగేస్తుంది,
మచ్చలు మచ్చలుగా, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.
డబ్బు వాపసు అడగాలనిపిస్తుంది.
అడగకు.

నీ తొందరేమిటో నాకు తెలుసు.
శుక్రవారం ఒల్వెన్‌ని ఆసుపత్రి నుంచి పంపేస్తున్నారు.
మెట్ల కింద ఆమె ఎంచుకున్న ఆకుపచ్చ, నాలుగు డబ్బాలు.
"తను చూసేసరికి" అంటావు, రోజుకు మూడుసార్లు.
మిగతా వాక్యం నువ్వు చెప్పవు, నేను అడగను.

*

శుక్రవారం. కుర్చీలో తెచ్చి దింపారు.
గోడలు గులాబీగానే ఉన్నాయి.
ఎమ్రిస్ గుమ్మంలోనే ఆగి
"ఈవిడే" అని నన్ను చూపించాడు.

ఒల్వెన్ చేతితొడుగు తీసి
పొయ్యిగూడు పక్కన అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
చాలాసేపు.

"ఇంకో వారం" అంది.
పది రోజులన్నాను.
"వారం. నేనే చూసుకుంటా."

మంచం ఆ గదిలోనే వేయించుకుంది,
గోడకు జానెడు దూరంలో.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోను.
ఎమ్రిస్ కాదు, ఆమే.
"నీళ్లు కలుపుకుని రా."