అరవై ఒకటో నంబరు

కూనబారాబ్రన్ దాటి కొండెక్కేటప్పుడు
కారు లైట్లు తగ్గించాలి. అక్కడి కట్టుబాటు అది.
కాలిన యూకలిప్టస్ మొదళ్ళ మధ్య నుంచి
కంగారూలు హాజరు తీసుకునే మేష్టర్లలా
ఆలస్యంగా వచ్చిన నన్ను చూస్తాయి.

దక్షిణాన మెజలాన్ మేఘం,
ఎవరో పలక సరిగా తుడవనట్టు.
మేఘం కాదది, గెలాక్సీ. పొరుగిల్లే.
నూట అరవై వేల కాంతి సంవత్సరాల
గోడ అడ్డం, అంతే.

అక్కడ పోతూపోతూ నక్షత్రాలు వదిలిన ఊపిర్లు
నా పట్టికలో తొంభై మూడు.
గ్రహ నీహారికలంటారు.
ఏ గ్రహానికీ వీటితో చుట్టరికం లేదు.
పాత దుర్భిణీలో గుండ్రంగా కనబడ్డాయని పెట్టిన పేరు,
నేతి బీరకాయలో నెయ్యి.

ఆకారం గడిలో పెన్సిలుతో రాస్తాను:
గుండ్రం. కోడిగుడ్డు. సీతాకోకచిలుక.
తేల్చుకోలేకపోతే, రేపు.

బొమ్మలు తీసింది భూమి పైన తిరిగే కన్ను.
నేనిక్కడ ఆ వెలుగుకి చిక్కు తీసి
పాయలు పాయలుగా దువ్వుతాను.
ముందుగా తగిలేది ఆకుపచ్చ గీత.
రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్
మన ఏ సీసాలోనూ లేనంత పలచని చోట
ఒంటరిగా పలికే రంగు.
గోంగూరా కాదు, చిలకా కాదు, చెరువు నాచు అసలే కాదు.
పదేళ్ళుగా దానికి మాట వెతుకుతున్నాను.

తేలికపాటి నక్షత్రాలు గుండ్రంగా పోతాయి.
బరువైనవి రెక్కలు విప్పి పోతాయి.
చాలాసార్లు అంతే. ప్రతిసారీ అని నక్షత్రాలు మాటివ్వలేదు.

అరవై ఒకటి
గాజు గోళీ అంత నికార్సైన గుండ్రం.
నైట్రోజన్ చూస్తే మాత్రం బరువైనదాని లెక్క.
గీతేమో రెండుగా చీలింది,
సగం మా వైపు దూసుకొస్తూ, సగం పారిపోతూ,
గుండ్రటివాటికి ఉండకూడనంత వేగంతో.
మూడు రాత్రులు పరికరాన్ని తిట్టాను.

నైట్ అసిస్టెంట్ గ్లెనిస్
గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టంలో పెరిగిన మనిషి.
నా గొణుగుడు వినీ వినీ
తాగేసిన రెండు టీ కప్పులు
అడుగుకి అడుగు ఆనించి
నా ముక్కుకి సూటిగా పట్టుకుంది.
ఏముంది?
గుండ్రం, అన్నాను.
పక్కకి తిప్పింది.
డమరుకం.
"ఎదురొచ్చే పొట్టేలు పొడవు ఎవరికి తెలుస్తుంది?" అంటూ
కప్పులు కడగడానికి పోయింది.

గుండ్రం చెరిపేశాను.
అక్కడే పెన్సిలు ఆగింది.
వీటి ఆయుష్షు మహా అయితే ఇరవై వేల ఏళ్ళు.
ఈ వెలుగు నడిచింది దానికి ఎనిమిదింతలు.
తొంభై మూడింట్లో ఈ రాత్రికి
ఒక్కటైనా మిగిలి ఉండదు.
సీతాకోకచిలుక అని రాయనా,
ఒకప్పుడు సీతాకోకచిలుక అనా?
గడి చూస్తే ఒక్క మాటకే చోటు.

గోపురం మూసుకుంటూ కీచుమంది.
బయట మాగ్‌పైలు మొదలెట్టాయి.
గ్లెనిస్ తడి చేత్తోనే డ్యూటీ పుస్తకం తెరిచి
గాలి కొంచెం ఉంది, మబ్బు లేదు, అని రాసింది,
సూర్యుడొస్తే మారిపోయే సంగతులు,
ఏ శంకా లేకుండా వర్తమానంలో.

ఆ తడి ఆరకముందే
నేనూ నా గడి నింపాను:
సీతాకోకచిలుక.
అంచు ఖాళీలో, పట్టికకి అక్కర్లేకపోయినా,
ఎదురుగా వస్తోంది.