నలభై రెండో వరుస

కొత్తవాడల మా ఇంట్ల కంప్యూటర్ ఒక్కటే.
హన్మకొండ చౌరస్తాల పాతది బేరం చేసి తెచ్చినం,
జంపఖానాల బిల్లులు కొట్టనీకి నాకు,
ఏనుమాముల అడ్తి లెక్కలు సదురుకోనీకి ఆయనకు.
తెర మీద రెండు గుండ్రటి బొమ్మలు:
ఒకటి సదానందం, ఒకటి నేను.
ఎవల అర్ర వాళ్లది. ఎవల తాళం వాళ్లది.

ఒక్క గిన్నెల వండుకుంటం,
ఒక్క సబ్బుబిళ్ల అరగదీస్తం,
ఆయన అంగీ దులిపితే
మిర్చి ఘాటుకు తుమ్మేది నేను.
ఇంటి లెక్కల ఫైలు మాత్రం
నా అర్రలకెల్లి తట్టితే
"మీకు అనుమతి లేదు" అంటది,
చక్కటి పుస్తకాల తెలుగుల,
బ్యాంకు మేనేజరు లెక్క.

"నేనేం దాస్తలేను, అది గట్లనే ఉంటది" అన్నడు.
గట్లనే ఎట్లుంటది?
కరెంటు బిల్లు నేను కడ్త, పాల పైసలు నేనిస్త,
గ్యాసు బండ మోసేటోనికి మీది ఇరవై నేనే ఇస్త.
నెలాఖరుకు కాగితం ముక్క మీద రాసి
కీబోర్డు కింద పెడ్త.
ఏ రాత్రో ఎక్కించుకుంటడు.
నా ఖర్చు పోయి ఆయన అర్రల పండుకుంటది,
నేను తొంగి సూడరాదు.

మండిబజార్ నుంచి ముజీబ్ వచ్చిండు,
నడుమ ఒక ఫోల్డరు చేసిండు.
"వదినా, ఇది ఎవరి కమ్రా కాదు, దాలాన్ అనుకో.
ఇక్కడ పెట్టింది ఇద్దరికీ కనపడ్తది, ఇద్దరూ రాయొచ్చు.
ఒక్కటే మాట,
ఒకరు తెరిచి మూయకుంటే
ఇంకొకరిని రాయనియ్యది."
రెండు వందలిస్తే యాభై వాపసిచ్చి
చాయ్ మంచిగుందన్నడు.

సదానందానికి ఆ ఫైలు దాలాన్ల పెట్టనీకి
మూడు రోజులు పట్టింది.
మూడు రోజులు ఆ ఫోల్డరు
ఊడ్చిపెట్టిన జాగ లెక్క ఉండె.

నాలుగో రోజు తెరిచిన.
బియ్యం, మగ్గం రిపేరు, నూలు బాకీ,
ఆయన బీపీ గోలీలు, నా కండ్లద్దాలు.
అద్దాలకు నేను చెప్పిన ధరే రాసిండు,
నేను తగ్గించి చెప్పిన ధర.
ముప్పై ఏండ్ల సంది పరాయి లెక్కలు రాసిన చెయ్యి,
ఒక్క అంకె పక్కకు జరగలే.
నలభై ఒకటి.
నలభై మూడు.

నడుమది ఏడవాయె?
అడగలే.
ఒక్క బస్తా లెక్క తగ్గితే
తెల్లందాక కూసునే మనిషి
అంకె సదరకుండ ఇడిచిండంటే
మరిచిండా,
నేను సూడాల్ననే ఇడిచిండా.

నేనూ తక్కువదాన్ని కాదు.
నా అర్రల "డిజైన్లు" అని ఒక ఫైలుంది.
అండ్ల డిజైన్లు లేవు.
పదకొండు నెలల చిట్టీ ఉంది,
కుదువబెట్టిన ఉంగరం ఉంది, దాని మిత్తి ఉంది.
ఉంగరం మా అక్క తాన భద్రంగుందని
ఆయన ఇంకా నమ్ముతున్నడు.

ఒకనాడు రాత్రి ఒంటిగంటకు
పాల పైసలు ఎక్కిద్దామని కూసుంటే
"ఈ ఫైలును వేరొకరు తెరిచి ఉన్నారు" అన్నది.
వేరొకరు పక్క మంచంల గురకపెడ్తున్నడు.
సూడనిచ్చింది, రాయనియ్యలే.
నలభై రెండు వచ్చి కూసుంది:
హమాలి ఓదెలు. నడుము విరిగినప్పుడు.
పద్దెనిమిది వేలు. రాదు.

"రాదు"
ఆ రెండక్షరాలు వేరే గడిల, ఒంటిగ.
తారీకు సూసిన. పోయిన ఎండకాలం,
నూలుకు పైసల్లేవని
నేను మగ్గం ఆపిన వారం.

ముందుగాల కోపమే వచ్చింది.
ఆ కోపం ఎక్కించనీకి ఏ వరుసా లేదు,
ఫైలు ఆయన చేతుల ఉండె.
నీళ్లకు లేచిండు,
తెర దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు,
"కండ్లు గుంజుతయి, పండుకోరాదు" అన్నడు.
చెంబు జాగల పెట్టి మల్ల ఒరిగిండు.
ఈపాలి గురక రాలే.

"డిజైన్లు" మీద వేలు వెట్టి
దాలాన్ దాక ఈడ్చుకొచ్చిన.
వేలెత్తితే పడ్తది.
ఇంకా ఎత్తలే.