వల ముక్కలు

పోర్టో అలెగ్రే ల్యాబులో ఒసోరియో ఇసుక.
పిడికిట్లో నిలవదు, మాట మీద నిలవని మనిషిలా.
నొక్కితే మొదటి స్తంభం
ఏటవాలుగా చీలి, ఉన్నట్టుండి కూలింది.

జండీరా తండ్రి పాతవల తెచ్చింది.
ఉప్పు వాసన. ఇంకా రెండు పొలుసులు.
వేలికణుపంత కత్తిరించి, ఇసుక తడిపి, కలిపింది,
వందకు అర పాలు.
ముడి లేదు, జిగురు లేదు.

రెండో స్తంభం పొట్ట ఉబ్బింది, కుంగింది,
కుంగేకొద్దీ మొండికేసింది.
ముల్లు వెనక్కి రాలేదు.
"పగలదేం?"
"పోగులు మొదట ఊరికే ఉంటాయి.
ఇసుక జరగబోతేనే బిగుస్తాయి."

ఆ వలకి చేప పడక మూడేళ్ళు.

సాయంత్రం విప్పి చూశాం.
ఒక్క పోగూ తెగలేదు,
కొన్ని జారాయి, అంతే.
జండీరా ఒకటి పట్టి లాగింది.
దాని వెంట ఇసుక
కొంత దూరం వచ్చింది.